రెండో గీత ఎవరిది?

ఆమెకి కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉండనే ఉంది గానీ, హాజరు పుస్తకంలో తప్ప అది ఇంకెక్కడా కనబడదు. ఊరందరికీ ఆమె సూదమ్మ. నాలుగు గదుల చిన్న ఆస్పత్రిలో రక్తపరీక్షల గది ఆమెది. ఇరవై ఎనిమిదేళ్లుగా జనం వేళ్లు గుచ్చుతోంది. బజారులో ఎదురుపడితే పిల్లలు చేతులు వెనక్కి దాచేసుకుంటారు. "ఒరేయ్, ఇవాళ నాకు సెలవురా, భయపడకండి" అంటుంది. వాళ్లు నమ్మరు, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని మరీ పరిగెడతారు.

వెనకటికి రక్తం తీసి పెద్ద ఆస్పత్రికి పంపితే పది రోజులకి గానీ జవాబు వచ్చేది కాదు. ఈలోగా మనిషి మళ్లీ కనిపిస్తే ఒట్టు. సుఖవ్యాధుల సంగతైతే మరీ ఘోరం. ఒక పెద్దమనిషి తన పేరు చెప్పుకోలేక పక్కింటాయన పేరూ అడ్రసూ రాయించి వెళ్లిపోయాడు. వెంటనే వచ్చి వైద్యం చేయించుకోమని ఉత్తరం పక్కింటికి వెళ్లింది. దాన్ని పక్కింటావిడ విప్పింది. ఆ తర్వాత వారం రోజులు ఆ వీధిలో ఎవరికీ రేడియో అవసరం లేకపోయింది.

అలాంటిది అప్పటికప్పుడు తేల్చే పరీక్ష వచ్చిందంటే సూదమ్మకి ఎంత సంబరమో! వేలంత ప్లాస్టిక్ పలక. దాని మీద చిన్న గుంట, పక్కనే చిన్న కిటికీ. గుంటలో ఒక చుక్క రక్తం వేసి, పైన రెండు చుక్కల మందునీళ్లు పోసి ఇరవై నిమిషాలు ఆగాలి. కిటికీలో ఒక్క గీత పడితే ఏమీ లేనట్టు. పక్కనే రెండో గీత కూడా పడిందా, సిఫిలిస్ ఉన్నట్టు. పాతకాలం వాళ్లు సవాయి అనేవాళ్లే, అదే. కడుపుతో ఉన్న ప్రతి మనిషికీ ఈ పరీక్ష చేసి తీరాలి, ఎందుకంటే తల్లికి ఉంటే బిడ్డకీ ముప్పే. వేళకి తెలిసి ఇంజెక్షన్ పడితే చాలావరకు బిడ్డ దక్కుతుంది. తెలియకపోతే మాత్రం, ఆ సంగతి సూదమ్మ పాతరోజుల్లో రెండు మూడుసార్లు కళ్లారా చూసింది. దాని గురించి ఎవరు అడిగినా మాట మార్చేస్తుంది.

ఇక సూదమ్మకో పిచ్చి అలవాటు. ఎవరైనా సూది చూసి బిగుసుకుపోతే, "ఇదిగో చూడు, ముందు నా వేలు" అని తన వేలు తనే గుచ్చుకుంటుంది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ చుక్కని ఇంకో పలక మీద వేసి, భయపడే మనిషి పలక పక్కనే పెట్టి, "చూశావా, ఇద్దరం పరీక్ష రాస్తున్నాం" అంటుంది. ఆస్పత్రికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, వయసులో సూదమ్మ కూతురంత ఉంటుంది, ఎన్నిసార్లు చెప్పిందో. "మీకెందుకండీ ఈ పరీక్ష? నెలలో ఆరుసార్లు చేసుకున్నారు!" "మీకు తెలీదులెండి, దానితోనే సగం భయం పోతుంది." పలకల మీద పేర్లు మాత్రం రాసేది కాదు. ఎడమవైపుది నాది, కుడివైపుది వచ్చినవాళ్లది. ఇంతే లెక్క, ఇన్నేళ్లలో ఎన్నడూ తప్పలేదు.

ఆరోజు పొద్దున్నే ఒక అత్తాకోడళ్లు వచ్చారు. కోడలికి నాలుగో నెల. సన్నగా, రివటలా ఉంది. సూది చూడగానే మొహంలో నెత్తురు చుక్క లేదు. అత్తగారిది మంచి దిట్టమైన శరీరం. కూర్చోకముందే కుర్చీ తుడిచింది. గోడ మీద కేలెండరు వంకరగా ఉందని సరిచేసింది. తలుపు గడియ తుప్పు పట్టిందని పెదవి విరిచింది.

"అమ్మాయ్, భయపడకు. ముందు నా వేలు" అంది సూదమ్మ.

రెండు పలకలూ బల్ల మీద పడ్డాయి. ఇరవై నిమిషాలకి మోగేలా గడియారం పెట్టింది. ఇంతలో బయట బెంచీ దగ్గర ఇద్దరు ముసలాళ్లు వరసలో ఎవరు ముందన్న దాని మీద కర్రలెత్తారు. సూదమ్మ వెళ్లి ఇద్దర్నీ చెరో మూలా కూర్చోబెట్టి, ఒకాయన కర్ర తను పట్టుకుని తిరిగొచ్చేసరికి గడియారం మోగుతోంది.

"ఏమ్మా, మీ బల్ల మీద ఎంత దుమ్ముందో! అన్నీ తీసి, తుడిచి, మళ్లీ పెట్టాను" అంది అత్తగారు, చేతిరుమాలు మడుచుకుంటూ.

"అయ్యో, మీకెందుకండీ శ్రమ" అంటూనే సూదమ్మ కుడివైపు పలక చూసింది. ఒక్కటే గీత. "బ్రహ్మాండం! ఏమీ లేదు తల్లీ, హాయిగా ఇంటికి వెళ్లు" అని చీటీ రాసిచ్చింది. వాళ్లు వెళ్లాక ఎడమవైపు పలక తీసి చెత్తలో వెయ్యబోతూ మాటవరసకి ఒక చూపు చూసింది.

రెండు గీతలు!

సూదమ్మ పలక తిప్పి చూసింది, కళ్లజోడు తీసి చూసింది, కిటికీ దగ్గరికెళ్లి చూసింది. ఎటు చూసినా రెండే. పెళ్లయి ముప్ఫై ఏళ్లు. మొగుడు గోడ గడియారాలూ చేతి గడియారాలూ బాగుచేసే మనిషి. పొద్దున కంటికి భూతద్దం తగిలించుకుంటే సాయంత్రం దాకా తీయడు. ఆ భూతద్దంలోంచి ఈయన ఎవర్ని చూశాడు? ఎప్పుడు చూశాడు? దేవుడా! ఇన్నాళ్లూ నోట్లో వేలు పెడితే కొరకలేడనుకున్న మనిషి!

సరిగ్గా అప్పుడే ఆమెకి ఇంకో సంగతి గుర్తొచ్చింది. రెండు నెలలుగా ఆయన మధ్యాహ్నం అన్నం సగమే తింటున్నాడు. నాలుగింటికి కొట్టు మూసి ఎటో వెళ్తున్నాడు. అడిగితే "కాళ్లు సాగదీసుకుని వస్తానే" అంటున్నాడు. హమ్మ హమ్మా! ఏ కాళ్లు, ఎవరింట్లో సాగదీస్తున్నాడు?

అక్కడే ఇంకో పలక మీద మళ్లీ చూసుకుంటే ఇరవై నిమిషాల్లో తేలిపోయేది. కానీ ఆస్పత్రిలో చూసుకునే ధైర్యం చాల్లేదు. గదులు ఊడ్చే ఆయమ్మ చూసిందంటే బజారంతా తెలిసిపోతుంది. రెండు పలకలు, రెండు సూదులు, మందునీళ్ల సీసా అన్నం డబ్బాలో దాచి, తలనొప్పి అని చెప్పి స్కూటరెక్కింది.

గడియారాల కొట్టు ఇంటి ముందుగదిలోనే. లోపలికి రాగానే తలుపు వేసి గడియ పెట్టింది.

"ఏంటే, అప్పుడే వచ్చావు?"

"చెయ్యి ఇలా ఇవ్వండి."

"ఎందుకు?"

"ఇవ్వమన్నానా!"

ఇచ్చాడు పాపం. ఆయనకి నెత్తురు చూస్తే పడదు. టమాటా కోసినా మొహం పక్కకి తిప్పుకుంటాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమె ఆస్పత్రి ముచ్చట్లు చెవుల్లో వేళ్లు పెట్టుకుని విన్నాడు. వేలి చివర ఎర్రటి చుక్క ఉబకగానే "అబ్బా" అని కూడా అనకుండా కుర్చీలోంచి నేల మీదికి జారిపోయాడు. ఆమె ముందు పలక మీద చుక్క వేసి, ఆ తర్వాత మొహాన నీళ్లు కొట్టింది. కోపంలో కూడా పనిలో క్రమం తప్పలేదు చూడండి. తన వేలు కూడా గుచ్చుకుంది. ఈసారి రెండింటి మీదా పేర్లు రాసింది, పక్కింటి నుంచి కనబడేంత పెద్ద అక్షరాలతో.

"ఇరవై నిమిషాలు. ఈలోగా మీరే చెప్పేస్తే మర్యాదగా ఉంటుంది."

"ఏం చెప్పాలే?"

"నాలుగింటికి ఎటెళ్తున్నారు?"

ఆయన మొహం పాలిపోయింది. గోడ మీద పధ్నాలుగు గడియారాలు టకటకలాడుతున్నాయి. ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు.

"నీకెలా తెలిసింది?" అన్నాడు గొంతు పీలగా.

సూదమ్మ కుర్చీలోంచి లేచింది. "అంటే నిజమేనన్నమాట! ఎవరది?"

"ఎవరేంటి, మా అక్క."

"ఏమిటీ?"

"మా అక్క ఇంటికే వెళ్తున్నానే. నాకు బీపీ వచ్చిందని నువ్వు కూరల్లో ఉప్పు మానేశావు కదా. నీ కూర తింటుంటే గోడ సున్నం నాకినట్టుంటోంది. నీ మొహాన అనలేక సగం తిని లేచి, అక్క దగ్గర ఉప్పేసిన అన్నం రెండు ముద్దలు తినొస్తున్నా. రక్తంలో ఉప్పు కూడా తెలిసిపోతుందా? అంత కొత్త పరీక్షా ఇది?"

సూదమ్మకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మిగిలిన పద్దెనిమిది నిమిషాలూ ఇద్దరూ ఒకే బల్ల ముందు, పదో తరగతి ఫలితాల కోసం కూర్చున్న పిల్లల్లా కూర్చున్నారు. గడియారం మోగింది. ఆయన పలకలో ఒక గీత. ఆమె పలకలో ఒక గీత.

"హమ్మయ్య!" అని సూదమ్మ ఆయన మెడ చుట్టూ చేతులేసి నవ్వింది. ఎందుకు నవ్వుతోందో తెలియకపోయినా ఆయనా నవ్వాడు. "రేపట్నుంచి మీ కూరలో చిటికెడు ఉప్పు వేస్తాను. ఇంతింత అనుమానించాను మిమ్మల్ని, పాపం తగులుతుంది" అంటూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

తనకి లేదు. మరి పొద్దున ఆ రెండు గీతలు ఎవరి రక్తానివి?

అన్నీ తీసి, తుడిచి, మళ్లీ పెట్టాను.

ఏమీ లేదని చీటీ రాసిచ్చింది తనే. నాలుగో నెల. ఆ పిల్ల ఆ చీటీ పట్టుకుని హాయిగా ఇంట్లో కూర్చుంటుంది. మళ్లీ ఎవరూ పరీక్ష చెయ్యరు. సూదమ్మ చెప్పులు కూడా సరిగ్గా వేసుకోలేదు, చెరో రకం తొడుక్కుని స్కూటరెక్కింది.

ముందు ఆస్పత్రికి వెళ్లి డాక్టరమ్మకి జరిగింది జరిగినట్టు చెప్పింది. డాక్టరమ్మ అరవలేదు. పలకల పెట్టె మూసి, "ఆ అమ్మాయిని తీసుకురండి, ఈ పూటే. ఇకనుంచి మీ వేలు మీ దగ్గరే పెట్టుకోండి" అంది. అరిచి ఉంటే సూదమ్మకి కాస్త తేలికయ్యేది.

పుస్తకంలో అడ్రసు చూసుకుని వెళ్లేసరికి అత్తగారు గుమ్మంలో చెప్పుల జతలు వరసగా సర్దుతోంది. సూదమ్మ కాళ్ల వంక చూసి ముక్కున వేలేసుకుంది.

"పొద్దున తీసిన రక్తం సరిపోలేదండీ. ఇంకో చుక్క కావాలి. మీ కోడల్ని ఒకసారి పంపండి."

"నేను చెప్పలా, పిల్లకి రక్తం లేదని! నాది తీసుకో అమ్మా, నాకు బోలెడుంది."

"మీది పనికిరాదండీ, కడుపుతో ఉన్నది మీరు కాదు కదా."

"అయితే నేనూ వస్తా. పద."

సూదమ్మ స్కూటరు వంక చూసింది. అత్తగారి వంక చూసింది. స్కూటరు కూడా అత్తగారి వంకే చూస్తున్నట్టుంది. "ముగ్గురం పట్టమండీ" అని, జవాబు వచ్చేలోపే కోడల్ని వెనక ఎక్కించుకుని బయల్దేరింది.

పరీక్షల గదిలో తలుపు వేశాక అబద్ధం ఆడలేకపోయింది. "తల్లీ, పొద్దున నాది తప్పయింది. నా పలకా నీ పలకా తారుమారయ్యాయి. ఏమీ లేదని నీకు చెప్పింది నీ సంగతి కాదు, నాది. మళ్లీ చూడాలి. నన్ను తిట్టాలనుకుంటే తిట్టు, పడతాను." ఆ పిల్ల తిట్టలేదు. వేలు తనే చాపింది. బల్ల మీద ఒక్కటే పలక, దాని మీద పేరు. ఇరవై నిమిషాలు సూదమ్మ కుర్చీలోంచి లేవలేదు. బయట ముసలాళ్లు మళ్లీ కర్రలెత్తినా లేవలేదు.

రెండు గీతలు పడ్డాయి.

డాక్టరమ్మ వచ్చి అన్నీ నిదానంగా చెప్పింది. ఇంకో పరీక్షకి రక్తం పంపుతాం, అది వచ్చేదాకా ఆగనక్కర్లేదు, ఇంజెక్షన్ ఇప్పుడే వేస్తాం, ఇంకా నాలుగో నెలే కాబట్టి బిడ్డకి మంచి అవకాశం ఉంది, మీ ఆయన్ని కూడా పరీక్షకి తీసుకురావాలి. ఇంజెక్షన్ పడింది. ఆ పిల్ల పళ్ల బిగువున ఓర్చుకుంది. డాక్టరమ్మ వెళ్లిపోయాక బెంచీ మీద ఒత్తిగిలి కూర్చుని అడిగింది.

"ఆంటీ, పొద్దున ఇవి మీ గీతలే అనుకున్నప్పుడు మీరేం చేశారు?"

సూదమ్మ దాచకుండా అంతా చెప్పింది. భూతద్దం, నాలుగింటి షికారు, నేల మీద పడ్డ మనిషి, ఆడపడుచు ఇంటి ఉప్పు, అన్నీ. ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఆగింది గానీ నీళ్లు ఆగలేదు.

"మీ ఆయన ఉప్పు తిన్నాడు" అంది మెల్లిగా. "మా ఆయన ఏం చెబుతాడో."

సూదమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. "ఈ పరీక్ష ఉందా లేదా అనే చెబుతుంది తల్లీ. ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో చెప్పదు. పెళ్లికి ముందుదో, తర్వాతిదో, ముందు నీకో, ముందు అతనికో, అదేమీ చెప్పదు."

"మరి ఆయనకి ఎవరు చెబుతారు? నాకు నోరు రాదాంటీ."

పొద్దున ఇద్దర్లో ఎవరో ఒకరి కాపురంలో పడాల్సిన రాయి అది. తనది కాదని తెలిసి తను మొగుడి మెడ కౌగిలించుకుని నవ్విన క్షణంలో, అది ఈ పిల్ల మీద పడింది. సూదమ్మకి తన నవ్వు మీదే సిగ్గేసింది. ఆ పిల్ల వెంట తెచ్చిన పొద్దుటి చీటీ తీసుకుని చింపేసి, కొత్తది రాసింది. రాసినదాన్ని ఒక్కో అక్షరం సరిచూసుకుని ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"మీ ఆయన ఎక్కడ పనిచేస్తాడు?"

"రొట్టెల కొట్టులో. ఇప్పుడు అక్కడే ఉంటాడు."

"లే, స్కూటరెక్కు. నేను చెప్తాను. నువ్వు పక్కనుంటే చాలు."