పెట్టె కొంటే అట్ట ఉచితం

రత్నం మాస్టారు సెల్లు విడిగా కొనరు, పెట్టెలతో కొంటారు. సెల్లంటే ఫోను కాదు, గోడ గడియారంలోనూ టీవీ రిమోట్‌లోనూ వేసే పెన్సిల్ సెల్లు. మనబోటివాళ్ళం గడియారం ఆగాక వీధి చివరి కొట్టుకు వెళ్ళి ఒకటో రెండో తెచ్చుకుంటాం. మాస్టారు మాత్రం నెలకోసారి రేపల్లెలో రైలెక్కి తెనాలి వెళ్ళి, సుందరయ్య హోల్‌సేల్ షాపులో పెట్టెడు సెల్లు కొని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకొని దిగుతారు. ఆయన ఇంట్లో ఉన్నవి రెండు గడియారాలు, ఒక రిమోట్.

నేను చిన్నప్పుడు ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నాను. ఇప్పుడు ఆయన పక్కింట్లో ఉంటూ ఆయన సెల్లు లెక్కపెట్టలేక చస్తున్నాను. మనిషి ఎదురుపడితే ఎవరైనా ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు. మాస్టారు "మీ గడియారం ఎలా ఉంది?" అని అడుగుతారు. పెళ్ళికి పిలిస్తే కవరులో నాలుగు సెల్లు పెట్టి చదివిస్తారు. గృహప్రవేశానికైతే ఎనిమిది.

ఆయన లూథరన్ చర్చిలో సంఘ పెద్ద. ఇళ్ళలో ప్రార్థన కూడికలు జరిగినప్పుడు అందరూ కళ్ళు మూసుకుంటే, ఈయన ఒక్కరే ఒక కన్ను తెరిచి గోడ గడియారం చూస్తూ ఉంటారు. ఒకసారి ఓ ఇంట్లో గడియారం ఆగిపోయి కనిపించింది. పాస్టరుగారి ప్రార్థన సగంలో ఉండగానే మాస్టారు చప్పుడు కాకుండా కుర్చీ ఎక్కారు. కుర్చీ కిర్రుమంది, అందరూ కళ్ళు తెరిచారు.

"ఏంటి మాస్టారూ ఇది?" అన్నారు పాస్టరుగారు.

"గడియారం ఆగితే ప్రార్థన ఎప్పుడు ఆపాలో మీకెలా తెలుసుద్దండి?" అన్నారు మాస్టారు, కుర్చీ మీదనుంచే.

పైగా మనిషికి భయమెక్కువ. టీవీలో అల్పపీడనం అనే మాట వినబడితే చాలు, ఇంట్లో ఉన్న టార్చిలైట్లన్నిటికీ సెల్లు మారుస్తారు. పోయిన తుఫానుకు మధ్యాహ్నం మూడింటికే ఊరంతా చీకటి పడి కరెంటు పోయింది. ఆయన దగ్గర టార్చిలైట్లు పదకొండు ఉన్నాయి. భద్రంగా దాచడంతో ఒక్కటీ దొరకలేదు. కొవ్వొత్తి వెలిగించుకొని నేనూ, ఆయన భార్య ప్రేమకుమారి టీచరుగారూ వాటిని వెతికాం.

"మంచం కింద సెల్లు, బీరువాలో సెల్లు, బియ్యం డబ్బా వెనక సెల్లు. ఈ ఇంట్లో నాకు చోటు లేదు మధూ" అన్నారావిడ. ఆవిడ అబద్ధం చెప్పలేదు.

మా వెనకింట్లో లక్ష్మమ్మ బట్టలు కుడుతూ ఉంటుంది. భర్త లేడు. ఒక్కతే కూతురు బ్లెస్సీ. ఆ పిల్లకు పుట్టుకతోనే వినికిడి తక్కువ, చెవి మిషను పెట్టుకోవాలి. అందులో వేసే సెల్లు శనగబద్దంత ఉంటుంది, రేపల్లెలో దొరకదు. లక్ష్మమ్మ ఎవరింట్లోనూ ఊరికే గ్లాసుడు మజ్జిగ పుచ్చుకోని మనిషి. సంఘంవాళ్ళు సాయం చేస్తామంటే నొచ్చుకొని ఆ నెలంతా చర్చిలో వెనక బెంచీలో కూర్చుంది. అయితే సుందరయ్య షాపులో ఒక ఆఫరుంది. పెన్సిల్ సెల్లు పెట్టె కొంటే, పన్నెండు చెవి మిషను సెల్లు అంటించి ఉన్న అట్ట ఒకటి ఉచితం. మాస్టారింట్లో చెవి మిషను ఎవరికీ లేదు. పారేయడం దేనికని ఆ అట్ట బ్లెస్సీకి ఇస్తారు. పారేసేదే కదా అని లక్ష్మమ్మ తీసుకుంటుంది, బదులుగా పెన్సిల్ సెల్లు పోసుకోవడానికి గుడ్డసంచులు కుట్టి ఇస్తుంది. ఆరేళ్ళుగా ఇదే వరస.

ఈ మధ్య బ్లెస్సీకి బాపట్లలో ఒక రొయ్యల మేత కంపెనీనుంచి ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. ఆఫీసులో కంప్యూటరు పని. అంతకు ముందు రెండుచోట్ల అడిగినవాళ్ళు తల వంచుకొని అడగడంతో, ప్రశ్న అందక, అన్నిటికీ తల ఊపి వచ్చేసింది. ఇది మూడోది. ఇదీ పోతే ఇక కుట్టు మిషను దగ్గర కూర్చొని జాకెట్లు కుట్టుకుంటానని చెప్పేసిందట. పిలుపొచ్చిన రోజునుంచి మాస్టారికి అన్నం సయించలేదు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున ఆరున్నరకు మా తలుపు దడదడమంది.

"ఒరేయ్ మధూ, సెల్లు చచ్చిపోయాయిరా."

"ఏ సెల్లు మాస్టారూ? మీ దగ్గర నాలుగొందలున్నాయి కదండీ."

"అవి పెన్సిల్ సెల్లురా. పిల్ల చెవిలో పెన్సిలు పెట్టమంటావా?"

జరిగింది ఇది. చెవి సెల్లు మీద ఒక చిన్న స్టిక్కరు ఉంటుంది, వాడేముందు దాన్ని పీకాలి. ఇంటర్వ్యూ మధ్యలో సెల్లు అయిపోతే ఆ పిల్ల స్టిక్కరు గీక్కుంటూ కూర్చోవాలేమోనని మాస్టారికి బెంగ పట్టుకుంది. ఆ నెల అట్ట తన దగ్గరే ఉంచుకొని, పన్నెండు సెల్లకూ ముందే స్టిక్కర్లు పీకి, డబ్బాలో భద్రంగా పెట్టారు. అది జరిగి నెలయింది. ఆ పొద్దున బ్లెస్సీ మిషనులో, పాత అట్టలో మిగిలిన ఆఖరి సెల్లు అయిపోయింది, డబ్బాలోవి ఒక్కటీ పలకలేదు.

మాస్టారు ఆ పన్నెండూ అరచేతిలో పోసుకొని ఆకాశంకేసి పట్టుకున్నారు.

"ఏం చేస్తున్నారండీ?"

"ఎండ తగిలితే లేస్తాయేమోనని."

"ఇంకా ఎండ రాలేదండి."

"వచ్చేదాకా పట్టుకుంటాను."

ఆయన్ను అక్కణ్ణుంచి లాక్కొచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. తల్లీకూతుళ్ళను చెరుకుపల్లి మీదుగా వెళ్ళే బాపట్ల బస్సెక్కించాం. నేనూ మాస్టారూ తెనాలి రైలెక్కాం. తెనాలిలో సెల్లు కొని, అక్కణ్ణుంచి ఇంకో రైల్లో బాపట్ల చేరాలి. ఇంటర్వ్యూ పదకొండింటికి. మాస్టారు తెనాలిదాకా నిలబడే ఉన్నారు.

"కూర్చోండి మాస్టారూ."

"నేను కూర్చుంటే రైలు నిదానిస్తదిరా."

సుందరయ్య షాపుకు షట్టరు దించి ఉంది. పైన వరండాలో ఆయన నోట్లో బ్రష్షుతో నిలబడి ఉన్నాడు. సంగతి విని, నోరు పుక్కిలించి, కిందికి దిగొచ్చాడు.

"స్టిక్కరు పీకితే గాలి తగిలి సెల్లు పని మొదలుపెడుద్దండి. ఇక వాడినా వాడకపోయినా కొద్దిరోజుల్లో అయిపోద్ది. వేసేముందు పీకి, ఒక్క నిమిషం గాలి తగలనిచ్చి వెయ్యాలి. ఆరేళ్ళుగా కొంటన్నారు, ఒక్కసారి అడగొచ్చు కదా మాస్టారూ."

నేను తెలివిగా కల్పించుకున్నాను. "పెట్టె మొయ్యలేమండి ఇవాళ. పెట్టె డబ్బులు తీసుకొని, ఆఫర్లో ఇచ్చే అట్ట ఒక్కటీ ఇవ్వండి."

"ఆఫరేంటండి?" అన్నాడు సుందరయ్య. "అట్ట ఎవడన్నా ఊరికే ఇస్తాడా? మాస్టారు కొనేదే అట్ట. పెట్టె కూడా కట్టమంటారు. ఎందుకండీ అంటే, ఊళ్ళో కనపడాలంటారు."

నేను మాస్టారికేసి చూశాను. ఆయన షట్టరుకేసి చూశారు.

బాపట్ల రైల్లో చుండూరు దాటాక ఆయనే మొదలుపెట్టారు.

"ఉత్త అట్ట తీసుకెళ్ళి ఉచితంగా వచ్చిందంటే లక్ష్మమ్మ నమ్ముద్దా? చేతిలో పెట్టె ఉండాలి కదరా. ఒకసారి చెప్పాక ఇక ప్రతినెలా మోయాల్సొచ్చింది."

"మరి ఆ పెన్సిల్ సెల్లన్నీ?"

"ఏం చెయ్యమంటావు? ఊళ్ళో గడియారాలన్నిటికీ వేస్తన్నాను. సంఘ పెద్దనై ఉండి ఆరేళ్ళుగా అబద్ధమాడతన్నానురా. ఆదివారం పాపాల ఒప్పుకోలు ప్రార్థనప్పుడు ఉత్తినే పెదాలాడిస్తన్నాను."

ఇన్నేళ్ళూ ఈయన్ను చూసి నవ్వినవాళ్ళలో నేనే ముందుండేవాణ్ణి. నాకు సిగ్గేసింది, ఆయన మీద చెప్పలేనంత ప్రేమా కలిగింది. రైలు ఎక్కడో పొలాల మధ్య పది నిమిషాలు ఆగిపోయినప్పుడు, ఆయనతోపాటు నేనూ లేచి నిలబడ్డాను.

కంపెనీ గేటు దగ్గరికి చేరేసరికి పదకొండుకు ఐదు నిమిషాలు తక్కువ. లక్ష్మమ్మ లోపల గుమాస్తాను ఇంకాస్త ఆగమని బతిమాలుతోంది. బ్లెస్సీ ఫైలు గుండెకు హత్తుకొని గేటు దగ్గర నిలబడి ఉంది. మాస్టారు అట్ట చించి ఒక సెల్లు చేతికిస్తే స్టిక్కరు పీకింది. నిమిషం ఆగమని వేలు చూపించారు. ఆ నిమిషంలో ఊరుకోలేక నాతో అన్నారు.

"సుందరయ్య చెప్పింది ఇక్కడే మర్చిపోరా. ఆఫరు లేదనీ, నేను కొంటన్నాననీ తెలిసిందంటే తల్లీకూతుళ్ళు రేపట్నుంచి అట్ట ముట్టుకోరు."

"మెల్లగా మాస్టారూ."

"మెల్లగా దేనికిరా? పిల్ల ఇంకా సెల్లే వెయ్యలేదు."

బ్లెస్సీ ఆయన్ను ఒక క్షణం చూసి, తల వంచుకొని సెల్లు వేసుకుంది.

"వినపడతందా అమ్మా?"

"బాగా వినపడుతోంది మాస్టారూ" అని లోపలికి వెళ్ళింది.

ముప్పావుగంట మాస్టారు గేటు దగ్గర అటూ ఇటూ తిరిగారు. కాపలాదారు గదిలో గడియారం ఆగి ఉందని తెలిశాక కాస్త కుదుటపడ్డారు. జేబులో ఎప్పుడూ రెండు సెల్లు ఉంటాయి కదా.

ఉద్యోగం వచ్చింది. బ్లెస్సీ చేరి నెల తిరిగాక, ఒక ఆదివారం సాయంత్రం చంకలో పెద్ద అట్టపెట్టెతో మాస్టారింటికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

"తెనాలి వెళ్ళాను మాస్టారూ. పెట్టె కొంటే చెవి సెల్లు అట్ట ఉచితంగా ఇచ్చారు. పెన్సిల్ సెల్లు మాకెందుకు, పారేయడం దేనికని మీకు తెచ్చాను."

మాస్టారు పెట్టెను రెండు చేతులా అందుకున్నారు. గేటుదాకా ఆ పిల్ల వెంట నేను వెళ్ళాను.

"ఆఫరు నిజంగానే ఉందా అమ్మా?"

"లేదు బాబాయ్. బాపట్లలో మాస్టారు నా ఎదురుగా నిలబడి చెప్పారుగా. చిన్నప్పట్నుంచి పెదాలు చూసే కదా నేను సగం మాటలు పట్టుకునేది. ఇక నా సెల్లు నేనే కొనుక్కుంటాను. ఆ మాట ఆయనతో చెప్పలేను, మీరూ చెప్పకండి."

ఆ పిల్ల పెదాలు చదువుతుందని వీధిలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ కంగారులో ఇద్దరికీ తట్టలేదు.

తిరిగొచ్చేసరికి మాస్టారు పెట్టె ఒళ్ళో పెట్టుకొని కూర్చొని ఉన్నారు. మొహం వెలిగిపోతోంది.

"విన్నావురా మధూ? సుందరయ్య నిజంగానే ఆఫరు పెట్టాడు. ఇక నాది అబద్ధం కాదురా. కాస్త ముందుగా చెప్పిన నిజం, అంతే. అవునా?"

"అవునండి మాస్టారూ" అన్నాను. నేను అబద్ధమాడటం అదే మొదటిసారి కాదు గాని, అంత హాయిగా ఆడింది మాత్రం అదే మొదటిసారి.