గువాన్ దెలూ మళ్ళీ నేర్చుకున్న దరువు

చైనాలోని షెన్‌యాంగ్ నగరంలో, తన పేట మగవాళ్ళలో గువాన్ దెలూ చేత ఒళ్ళు రుద్దించుకోనివాడు లేడు. పేట జనమంతా వచ్చే స్నానశాలలో మనిషిని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, మురికంతా వదిలేదాకా రుద్ది, చివర్న రెండు అరచేతులతో వీపు మీద దరువు వేసేవాడు. ఆ చప్పుడు వీధిలోకి వినపడేది. పని మానుకున్నాక కూడా ఆ దరువు గురించే గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ చలికాలం ఆరేళ్ళ మనవరాలు యింగ్‌తావ్‌కు నిమోనియా పట్టుకుంది. ఎప్పుడూ ఇచ్చే యాంటీబయాటిక్‌కు క్రిములు లొంగలేదు. పిల్లల ఆసుపత్రిలో మందు మార్చాక జ్వరం దిగింది గానీ, కుడి ఊపిరితిత్తిలో కఫం బంకలా అతుక్కుపోయింది. పిల్ల దగ్గి దగ్గి సోలిపోయేది. ఇష్టమైన పీచ్ పళ్ళ ముక్కలు పెట్టినా తల తిప్పేసుకునేది.

ఆ కఫం కదిలించడానికి డాక్టరు ఫిజియోథెరపిస్టు థోంగ్ లిన్‌ను పంపాడు. ఆమె పిల్లను ఎడమవైపుకు పడుకోబెట్టి వీపు తట్టడం మొదలుపెట్టగానే గువాన్ ఉండబట్టలేకపోయాడు.

“అదేం తట్టడం అమ్మాయీ, దోమను తోలుతున్నట్టు? జరుగు, నేను చూపిస్తా. బతుకంతా ఇదే పని చేశా.”

“అలాగా పెదనాన్నా! ముందు నా భుజం మీద కొట్టి చూపించండి.”

గువాన్ ఒక్కటి వేశాడు. ఆమె “అమ్మో!” అని భుజం పట్టుకుంది. “ఇది లారీ డ్రైవర్లకు సరిపోతుంది. పిల్ల ఎముకలు విరుగుతాయి.”

“పరువు తియ్యకు నాన్నా, ఇలా వచ్చి కూర్చో” అంది మంచం పక్కనున్న కూతురు. గువాన్ చెవులు ఎర్రబడ్డాయి.

థోంగ్ లిన్ మాత్రం ఆయన్ను కూర్చోనివ్వలేదు. చెయ్యి దొప్పలా మడవాలంది. మణికట్టు వదులుగా ఉంచి, కింద నుంచి భుజం వైపుకు తట్టుకుంటూ రావాలి. వెన్నెముక మీద తగలకూడదు, అన్నం తిన్న వెంటనే చెయ్యకూడదు. ఇన్నేళ్ళూ చాచి కొట్టిన చెయ్యి మడతపడనని మొరాయించింది. గువాన్ వరండాలో కూర్చుని తన తొడ మీదే సాధన చేశాడు.

“ఏమోయ్, నిమోనియా నీ తొడక్కూడా వచ్చిందా?” అన్నాడు పక్క మంచం పిల్లాడి తాత.

“నీ నాలుక్కి రాకుండా చూసుకో” అన్నాడు గువాన్, చెయ్యి ఆపకుండానే.

చివరకు థోంగ్ లిన్ పక్కనే నిలబడి ఆయన చేత పిల్ల వీపు తట్టించింది. డబడబమని బోలు చప్పుడు వచ్చింది.

“తాతా, నా వీపు మీద గుర్రం పరిగెడుతోంది!” యింగ్‌తావ్ నవ్వింది. నవ్వు దగ్గయింది. ఆ దగ్గుతో చిక్కటి పచ్చని కఫం నోటికి అడ్డుపెట్టిన కాగితం రుమాలులోకి ఊడిపడింది.

గువాన్ ఆ కాగితం రుమాలును పతకంలా ఎత్తి పట్టుకున్నాడు. “చూశావా అమ్మాయీ!”

“చూశాను పెదనాన్నా, ఇక పారెయ్యండి” అంటూ థోంగ్ లిన్ కూడా నవ్వేసింది.

ఆ తర్వాత తీసిన ఎక్స్‌రేలో ఊపిరితిత్తి తేటపడింది. రోగాన్ని లొంగదీసింది కొత్త మందేననీ, తట్టడం దానికి తోడుపడిందనీ అన్నాడు డాక్టరు.

“సగం మందుదే, కాదనను. మిగతా సగం?” అన్నాడు గువాన్.

“అందులో సగం నాది, సగం మీది” అంది థోంగ్ లిన్.

గువాన్ కాసేపు ఆలోచించి, ఆ పంపకానికి ఒప్పుకున్నాడు.

ఇంటికి వెళ్ళే రోజు, కఫం పట్టిన తన బిడ్డ మీద చెయ్యి వెయ్యడానికే భయపడుతున్న ఒక తండ్రిని థోంగ్ లిన్ వెంటపెట్టుకొచ్చింది. “పెదనాన్నా, ఈయనకు మీరే చూపించండి” అంది. గువాన్ చొక్కా చేతులు పైకి మడుచుకుని, ఆ తండ్రి బిగుసుకున్న వేళ్ళను ఒక్కొక్కటిగా దొప్పలోకి వంచాడు. థోంగ్ లిన్ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. ఆమెకు ఎక్కడా దిద్దే పని పడలేదు.