దుబాయిలో ఉన్నవాళ్లనూ పిలవండి

కోరుట్ల జలపతి తుపాకి పట్టుకుంటే పందుల కంటే ముందు ఆయనకే చెమటలు పట్టేవి. కల్లుగీసే ఇంట్లో పుట్టాడు గానీ తాటిచెట్టు సగం ఎక్కేసరికి కాళ్లు వణికేవి. చివరికి లైసెన్సు తెచ్చుకుని, పంటల మీద పడే అడవిపందులను కొట్టడానికి ఊళ్లు తిరిగేవాడు.

"భయం లేనోని చేతికి తుపాకి ఇయ్యద్దన్నా" అనేవాడు. మేం నవ్వేవాళ్లం.

ఉరికే పందిని కొట్టడం మాత్రం ఆయన దగ్గరే చూడాలి. తుపాకి గొట్టం పందితో పాటే జరగాలట, మూతికి కొంచెం ముందే నడవాలట. ఆపి కొడితే గుండు తోక వెనక మట్టిలో పడుతుందట. కళ్లు మాత్రం పంది అవతల ఏముందో చూస్తుండాలట. అందుకే పందులను లేపే డప్పు మోగకముందే ప్రతి చేనువాళ్లనూ అడిగేవాడు: "లోపట ఎవలన్న ఉన్నరా?"

ఆ ఏడు మా చందుర్తి దిక్కు సగం ఇళ్ల మగవాళ్లు దుబాయిలోనే ఉన్నారు. మక్కజొన్న చేలను ఆడవాళ్లు కాశారు, పందులు మేశాయి. జలపతిని పిలిపించాం.

చేను గెట్టున నిలబడ్డ జమునను అడిగాడు. "ఎవ్వలు లేరన్నా" అంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

ఉన్నాడు. ఆమె మొగుడు మల్లన్న ఉన్నాడు. దుబాయిలో కంపెనీ మూతపడి, చేతిలో సంచి కూడా లేకుండా వచ్చి, ఊరి మొహం చూడలేక పగలంతా ఆ మక్కలోనే నల్ల గొంగడి కప్పుకుని పడుకుంటున్నాడు. జమునకు తప్ప ఎవరికీ తెలియదు. పందులెప్పుడూ వాగు దిక్కే పోతాయి, తన చేనుకు రావులే అనుకుందట. తర్వాత ఆమే చెప్పింది.

డప్పు మోగింది. నేనూ పళ్లెం వాయిస్తూ నడిచాను. గంటె తేవడం మరిచి, చెప్పుతో వాయించాను.

పంది లేచింది. వాగు దిక్కు పోలేదు. తిరిగి జమున చేనుకేసి ఉరికింది. జలపతి గొట్టం దానితో పాటే జరుగుతోంది. జమున నోరు తెరిచింది. మొగుడి పేరు ఎన్నడూ పలకని నోరు. పేరు రాలేదు.

"కొట్టురా జలపతీ! పోతాంది!" పక్కచేను హన్మండ్లు అరిచాడు.

"ఓ రాణి నాయినా! లేవకు! పండుకో!" జమున కేక పెట్టింది.

ఆమె బిడ్డ రాణి. మా లెక్కన రాణి నాయిన దుబాయిలో ఉన్నాడు. జమునకు మతి పోయిందనుకున్నాం. జలపతి మాత్రం అర్థమయ్యేదాకా ఆగలేదు. గొట్టం ఆకాశానికి లేచింది. పంది మక్కలోకి దూరింది. వెంటనే అందులోంచి ఓ నల్ల గొంగడి అరుస్తూ బయటికి ఉరికింది. గొంగడి కింద మల్లన్న, లుంగీ ఒక చేత పట్టుకుని.

ముసలి లసుమవ్వ అలవాటు కొద్దీ అడిగింది: "ఎప్పుడచ్చినవ్ కొడుకా? మంచిగున్నవా?"

"మొన్ననే చిన్నమ్మా" అన్నాడు మల్లన్న, పళ్లు టకటకలాడుతుంటే.

"పంది పాయె గదరా!" హన్మండ్లు తల కొట్టుకున్నాడు.

జలపతి వినలేదు. తుపాకిలోంచి గుండు తీశాడు గానీ, జేబు ఎక్కడుందో చేతికి దొరకలేదు. అలాగే గెట్టు మీద కూలబడ్డాడు. మల్లన్న పోయి పక్కన కూర్చున్నాడు. జమున చెంబుతో నీళ్లిస్తే ఇద్దరూ తాగినవి కొన్ని, ఒళ్లో పోసుకున్నవి ఎక్కువ.

"సిగ్గుకు పానం తీస్తుంటివి గదనే చెల్లె" అన్నాడు జలపతి. కోపం లేదు.

"నీ కాళ్లు మొక్కుత అన్నా" అని ఏడ్చింది జమున.

ఆనాటి నుంచి డప్పుకు ముందు అడిగే తీరు మార్చాడు. ఇంటింటి మగవాళ్లనూ పేరు పెట్టి పిలిపించేవాడు, దుబాయిలో ఉన్నవాళ్లను కూడా.

"గాళ్లు ఈడ లేరు గదన్నా!" అనేవాళ్లు ఆడవాళ్లు.

"పిలువుండ్రి. మీదేం పోతది?"

జవాబు రాని ప్రతి పేరు తర్వాత మక్కచేను దిక్కు చూస్తూ నిలబడేవాడు. ఆడవాళ్లూ చూసేవాళ్లు. "మల్లన్నా!" అన్నప్పుడు మాత్రం డప్పు పక్క నుంచి గట్టిగా వినబడేది:

"ఈడనే ఉన్న!"