మళ్లీ కట్టిన ఇంజన్

బి.ఏ. పాసయ్యానన్న సంతోషం నాకు కడుపులో ఆగడం లేదు. మగ్గం నేసే మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కడినే. నల్గొండలో హాలియా బస్సెక్కగానే, ఇంజన్ పక్కన కూర్చున్నాయనకు ఆ కబురు చెప్పడం మొదలుపెట్టాను.

"సంతోషం బిడ్డా. జర ఊకో, సప్పుడు విననియ్యి," అన్నాడాయన.

ఆయన మెకానిక్కట. మొన్నామధ్య బేరింగు పగిలి ఈ బస్సు ఇంజనే దిగుడులో పట్టేసిందట. చక్రాలు బిగుసుకుపోయి బస్సు గట్టు అంచుదాకా జారిందట. ఇంజనంతా విప్పి, కొత్త బేరింగులేసి మళ్లీ కట్టింది ఆయనే. ఇదే మొదటి ట్రిప్పు.

"గా పక్క సీట్ల పండుకున్నోళ్లు నా పెండ్లాం, నా బిడ్డ. ఇంజన్ కట్టినోడు మొదలు తన ఇంటోళ్లనే ఎక్కియ్యాలె. మా షెడ్డుల గదే రివాజు."

"మళ్లా పట్టేస్తే?"

ఆయన ఇంజన్ మూతకు చెవి ఆనించాడు. అంతలో ఆ దిగుడు రానే వచ్చింది. ఎక్కడో టకటకమని చప్పుడు. ఆయన ఒక్కసారిగా లేచి, "ఆపు, ఆపు!" అని అరిచాడు. బాపుకు పాసైన సంగతి చెప్పకుండానే పోతానా అనుకుంటూ ముందు సీటు కడ్డీ పట్టుకున్నాను.

బస్సు ఆగింది. చూస్తే, ఒక ముసలమ్మ బిందె సీటు కాలికి కొట్టుకుంటోంది.

"నీ బిందె పాడుగాను, పానం తీసినవ్ గదనే అవ్వా!" అన్నాడు డ్రైవరు. అందరూ నవ్వారు, మెకానిక్ తప్ప.

హాలియాలో ఆయన భార్య కళ్లు నులుముకుంటూ లేచింది.

"ఎట్ల నిద్రపట్టిందే నీకు?"

"నువ్వు కట్టిన బండే గద, నాకేం ఫికర్?"

"గందుకే గదనే నాకు భయం," అన్నాడాయన.