సెలవు రద్దయిన మంచు రోజు

లొరేన్ తిబొడో ఒకటో తరగతి టీచరుగా చేరిన నాటి నుంచీ మంచు తుఫానుకు ఆ ఊళ్లో ఒకటే అర్థం. తెల్లవారుతూనే రేడియోలో సెలవిచ్చిన బడుల పేర్లు చదివేవారు. పిల్లలు దుప్పట్లోనే గంతులు వేసేవారు. టీచర్లు లోలోపల అంతకంటే ఎత్తుకు ఎగిరేవారు. అమెరికాలోని మేన్ రాష్ట్రపు ఉత్తరాన, సెయింట్ జాన్ నది ఒడ్డునున్న ఆ ఊళ్లో ఎవరూ తప్పుపట్టని బద్ధకం అదొక్కటే.

దాన్ని కూడా తప్పుపట్టగల మనిషి చివరికి దొరికాడు. కొత్త విద్యాధికారి ప్రెస్టన్ వైట్‌లా ఆరిజోనా ఎడారి నుంచి దిగాడు. మంచు గురించి ఆయనకు తెలియనిది లేదు. ఫొటోలు చాలా చూశాడు. ఆగస్టులో, నుదుటి చెమట తుడుచుకుంటూ, టీచర్లందరినీ కూర్చోబెట్టి ప్రకటించాడు.

"ఇకమీదట మంచు సెలవులు ఉండవు. ఇంటి నుంచి నేర్చుకునే రోజులుంటాయి. చదువుకు వాతావరణంతో పనేముంది?"

"చదువుకు లేదు సార్, కరెంటుకుంది," అంది లొరేన్.

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, ఆమె పేరు గుర్తుపెట్టుకున్నాడు.

జనవరిలో తుఫాను వచ్చింది. దానికంటే ముందే ఆఫీసు నుంచి 'సులువైన సరదా కృత్యాలు' వచ్చాయి. వంటింట్లో చెంచాలను పొడుగును బట్టి పేర్చడం, మేజోళ్లకు జతలు కలపడం, బొమ్మను ఒళ్లో కూర్చోబెట్టుకుని కథ చదవడం. ఒక్కోదానికీ ఇన్ని నిమిషాలని లెక్క. ఆరేళ్ల పిల్లలు నిమిషాల విలువ తెలిసినవాళ్లని ఆయనకెవరో చెప్పి ఉంటారు.

ఆ ఉదయం లొరేన్ కంప్యూటరు తెరిచేసరికి తెర నిండా చిన్నచిన్న ముఖాలు. ఒక మూల గడిలో వైట్‌లా గారు టై కట్టుకుని, పర్యవేక్షిస్తూ. 'బి' అక్షరంతో మొదలయ్యేదేదైనా తెమ్మంటే బెన్వా అనే పిల్లాడు తన చంటి తమ్ముణ్ని చంకల కింద పట్టుకుని మోసుకొచ్చాడు.

"బేబీ, టీచర్!"

"శభాష్ నాన్నా. ఇక తీసుకెళ్లి జాగ్రత్తగా పెట్టేసి రా."

"ఎక్కడ?"

"ఎక్కణ్నుంచి తెచ్చావో అక్కడ. అమ్మ వెతుక్కుంటూ ఉంటుంది."

తర్వాతి కృత్యం కిటికీలోంచి చూసి బొమ్మ గీయడం. పిల్లలు చెట్లు గీశారు, పూడిపోయిన కార్లు గీశారు. ఎలోడీ సిర్వా మాత్రం తెల్లకాగితం ఎత్తి చూపించింది.

"ఏం బంగారం, ఏమీ గీయలేదా?"

"గీశాను టీచర్. అదే కనబడుతోంది. వంటింటి కిటికీ అంతా మంచే."

పిల్లలు పకపకా నవ్వారు. వైట్‌లా గారు మైకు తెరిచి, "అద్భుతమైన పరిశీలన! ఇక చెంచాల దగ్గరికి వెళ్దామా?" అన్నాడు.

లొరేన్‌కు నవ్వు రాలేదు. ఎలోడీ గడ్డం బల్లకు ఆనించి ఉంది. బడిలో రెండు క్షణాలు కుదురుగా కూర్చోని పిల్ల అది.

"నిద్రొస్తోందా అమ్మా?"

"తలనొప్పి. తమ్ముడు లూక్ వాంతి చేసుకున్నాడు. మెమే పడుకుంది, పిలిస్తే పలకట్లేదు."

మెమే అంటే వాళ్ల నానమ్మ జెర్మేన్. తల్లి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీకి వెళ్లి, దారులు మూసుకుపోయి అక్కడే ఆగిపోయింది. ఆ ఇల్లు లొరేన్ ఎరిగినదే. ఇంటిని వెచ్చగా ఉంచే హీటరు తాలూకు పొగగొట్టం సరిగ్గా ఆ వంటింటి కిటికీ కిందే బయటికి వస్తుంది. కిటికీయే పూడితే గొట్టం మాట చెప్పేదేముంది? బయటికి పోవాల్సిన విషవాయువు ఇంట్లోనే నిండుతుంది. దానికి వాసన కూడా ఉండదు. దాన్ని పసిగట్టే గోడ మీది అలారం మోగి ఉండాల్సింది. దాని బ్యాటరీలు లూక్ బొమ్మ కారులో తిరుగుతున్నాయని తర్వాత తెలిసింది.

"మిసెస్ తిబొడో, సమయం మించిపోతోంది. చెంచాలు..."

"సార్, కాసేపు నోరు మూసుకోండి."

ఆ రోజు చెప్పినవాటిలో పిల్లలు తు.చ. తప్పకుండా నేర్చుకున్న వాక్యం అదే.

"ఎలోడీ, ఇప్పుడు కొత్త కృత్యం. బూట్లు, కోటు వేసుకో. లూక్‌ని లేపు. మెమేని పట్టుకుని గట్టిగా కుదుపు, చెవిలో కేకపెట్టు. వెనక తలుపు తీసి ముగ్గురూ బయటికెళ్లిపోండి."

"మెమే తిడుతుంది టీచర్."

"తిట్టనీ. నా పేరు చెప్పు. వెళ్లు తల్లీ, పరుగెత్తు!"

అప్పటికే రెండో చేతిలో ఫోను. ముందు అగ్నిమాపక కేంద్రానికి, తర్వాత జెర్మేన్ పక్కింటి నార్మన్‌కు.

"నార్మన్, పార పట్టుకుని జెర్మేన్ ఇంటికి పరుగెత్తు. పొగగొట్టం పూడిపోయింది."

"ఇప్పుడా? నేనింకా పైజామాలోనే..."

"పైజామాలోనే వెళ్లు. పిల్లలు లోపలున్నారు."

అతను ఇంకో మాట అడగలేదు. ఫోను కిందపడిన చప్పుడు మాత్రం వినబడింది.

తెర మీద ఖాళీ కుర్చీ. పిల్లలందరూ దాన్నే చూస్తున్నారు, ఏమైందో తెలియకపోయినా. లొరేన్ బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. కొంతసేపటికి తలుపు విరిగినంత చప్పుడైంది, నార్మన్ కేకలు, వాటి వెనకే ఒక ముసలి గొంతు ఫ్రెంచిలో నార్మన్‌నూ, మంచునూ, లొరేన్‌నూ, ఆమె తాతముత్తాతలనూ వరసపెట్టి తిట్టడం. అంత తీయటి తిట్లు లొరేన్ తన జన్మలో వినలేదు. పిల్లలు చూస్తున్నారన్న సంగతి కూడా మరిచి ఏడ్చేసింది.

ముగ్గురినీ ఆస్పత్రిలో ప్రాణవాయువు పెట్టి, మర్నాడు ఇంటికి పంపారు. జెర్మేన్ తిట్లకు క్షమాపణ చెప్పలేదు గానీ, గోధుమరంగు అట్లు ఒక పళ్లెం నిండా పోసి పంపింది.

వైట్‌లా గారు లొరేన్‌ను ఆఫీసుకు పిలిపించాడు. సాంకేతికతను సమర్థంగా వాడుకున్నందుకు ప్రశంసాపత్రం ఇచ్చాడు. అధికారితో మాట్లాడిన తీరుకు మందలించాడు. ఎలోడీ అనుమతి లేకుండా తరగతి మధ్యలో లేచి వెళ్లినందున ఆమెకు సగం రోజు హాజరే పడుతుందని కూడా సెలవిచ్చాడు.

"పోనీ సార్, ఊపిరి మాత్రం పూర్తిగా పడింది," అంది లొరేన్.

మంచు సెలవులు తిరిగి రాలేదు. బదులుగా ఆఫీసు ఇంకో సరదా కృత్యం చేర్చింది: కళ్లూ చిరునవ్వూ ఉన్న పొగగొట్టానికి రంగులు వేయడం. లొరేన్ దాన్ని కూడా వేయించింది. కానీ ప్రతి తుఫానుకూ, తరగతి మొదలవక ముందే, ఇంటింటికీ ఫోను చేయసాగింది.

"గొట్టం చూశారా?"

"టీచర్, ఇంకా కాఫీ కూడా తాగలేదు!" అని గొణిగేవాడు బెన్వా తండ్రి.

"చూసొచ్చి తాగు. నేను లైన్లోనే ఉంటా."

అతను బూట్లు తొడుక్కుంటూ సణగడం, తలుపు తీయడం, పార మంచులో దిగడం అన్నీ విని, ఆ తర్వాతే పెట్టేసేది.