అవ్వకు కంఠతా వచ్చిన హెచ్చరిక

నా చిన్నప్పుడు మా అవ్వకు చదవడం రాకపోయినా, ఒక ప్రభుత్వ ప్రకటన మాత్రం అక్షరం పొల్లుపోకుండా వచ్చేది. ఆమెకు దాన్ని నేర్పింది నేనే. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా అమ్మ తర్వాత అవ్వకు పుట్టిన ఒక్కగానొక్క కొడుకు మా మామ. ఓడలో వంటపని ఇప్పిస్తానని తిరుపతిలో ఒక ఏజెంటు అతన్ని గల్ఫు వైపు పంపించాడు. అప్పుడు ఇరాన్, ఇరాక్ దేశాల మధ్య యుద్ధం జరుగుతోంది. మామ భయపడి అడిగితే, "కొట్లాట నేల మీదప్పా, నీళ్ళల్లో ఏముండాది?" అని ఏజెంటు నవ్వాడట. మూడో నెలలో ఆ ఓడ మీద బాంబు పడింది. మామ శవం కూడా ఇంటికి రాలేదు.

అతని సర్టిఫికెట్లు మాత్రం ఏజెంటు ఆఫీసు నుంచి వచ్చాయి, ఒక పాత పేపరులో చుట్టి. ఆ పేపరు విప్పి చదివాను. యుద్ధం వల్ల ఆ సముద్రంలో తిరిగే ఓడలకు ప్రమాదం ఉందనీ, పౌరులెవరూ వాటిలో పనికి గానీ ప్రయాణానికి గానీ పోవద్దనీ ప్రభుత్వం చేసిన హెచ్చరిక అందులో ఉంది. దాని చుట్టూ ఎర్ర పెన్సిలుతో గీత గీసి ఉంది. తేదీ చూస్తే, మామ బయలుదేరడానికి పది రోజుల ముందుది.

అంటే ఆ ఏజెంటు అది చదివే పంపించాడు.

అవ్వ ఏడవలేదు. "ఇంగోసారి సదువు" అంది. పొద్దుగుంకేదాకా చదివిస్తూనే ఉంది.

ఆ వేసవి సెలవులంతా మేమిద్దరం మొదటి బస్సుకు తిరుపతి వెళ్ళేవాళ్ళం. ఏజెంటు ఆఫీసు ఒక లాడ్జి మేడమీద ఉండేది. అవ్వ కింద మెట్ల పక్కన కూర్చుని, పైకెక్కబోయే ప్రతి కుర్రవాడికీ ఆ ప్రకటన మొత్తం అప్పజెప్పేది. "నా కొడుకు పొయ్యి సచ్చినాడు. ఇంగ నీ ఇష్టం నాయనా" అని ముగించేది. నమ్మనివాళ్ళకు నేను పేపరు చూపించేదాన్ని. చాలామంది వెనక్కి తిరిగేవారు. ఏజెంటు బతిమాలాడు, బెదిరించాడు, చివరికి పోలీసును పిలుచుకొచ్చాడు. "సర్కారు చెప్పిన మాటే గదప్పా నేను చెప్తా ఉండేది" అంది అవ్వ. ఆ పోలీసు పేపరు చదివి, ఏజెంటు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

జనం రావడం తగ్గేసరికి ఏజెంటు ఒక ఎత్తు వేశాడు. "మా సొంత అక్క కొడుకునే పంపిస్తా ఉండా, సూడండి" అని వీధంతా చాటించాడు. నాకు పట్టరాని సంతోషం కలిగింది. "వాణ్ణి పోనీ అవ్వా. ఏడుపంటే ఏందో వాళ్ళకూ తెలియాల" అన్నాను.

అవ్వ నా జబ్బ పట్టుకుని గట్టిగా ఊపింది. "మే, నా పగ వాడి మీద. ఆ పిల్లోడి తల్లి నాకేం జేసింది?"

అవ్వ వాళ్ళనూ వీళ్ళనూ అడిగి ఆ తల్లి ఇల్లు కనుక్కుని, గుమ్మంలో నిలబడి ప్రకటన అప్పజెప్పింది. ఆమె ఎర్రగీత మీద వేలు పెట్టి రెండుసార్లు చదివింది. తర్వాత చెప్పు చేతపట్టుకుని మా ముందే నడిచి, ఆ లాడ్జి మెట్లెక్కి, వచ్చినవాళ్ళందరి ఎదుటా తమ్ముణ్ణి కొట్టింది. అవ్వ కింద కూర్చుని, కళ్ళు మూసుకుని ఒక్కో దెబ్బా విన్నది. ఆమె మొహంలో అంత తృప్తి నేను మళ్ళీ చూడలేదు.

ఏజెంటు ఆ నెలలోనే తిరుపతి వదిలి నాయుడుపేటలో ఆఫీసు తెరిచాడు. ఆ సంగతి తెలిసిన మర్నాడే అవ్వ నాయుడుపేట బస్సెక్కింది. అక్కడా మూయించింది.

క్షమించమని మా అవ్వ నాకెప్పుడూ చెప్పలేదు. ఇప్పటికీ ఎవరి మీదైనా కోపం వస్తే, నేను కొట్టబోయే దెబ్బకు అడ్డంగా ఇంకెవరి బిడ్డయినా నిలబడి ఉన్నాడా అని చూసుకుంటాను. ఎవరూ లేరని తేలిన తర్వాత మాత్రం వెనక్కి తగ్గను.