ఓడిపోయినవాడి బాప్తిస్మం

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, నాకు రెండు నమ్మకాలు గట్టిగా ఉండేవి. నేను పంపే మండల వార్తల మీదనే మా పత్రిక నడుస్తున్నదన్నది ఒకటి. సైతాను అనేవాడు ఉంటే గింటే పట్నంలో ఉంటాడు గానీ, ఆలేరు పక్కన మా ఊరిదాకా రావడానికి అతనికి తీరిక ఉండదన్నది రెండోది. మొదటి నమ్మకాన్ని డెస్కువాళ్లు వారం తిరగకముందే పోగొట్టారు. రెండోది పోవడానికి ఒక దావత్ కావలసి వచ్చింది.

మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. ఈస్టరుకు ముందు నలభై శ్రమదినాలు మొదలయ్యే రోజున ఒక్కొక్కరే లేచి, ఈ దినాల్లో తాము ఏం మానేస్తారో అందరి ముందూ చెప్పాలి. మా అవ్వ తంబాకు మానేస్తానన్నది (ప్రతి ఏడూ అదే చెప్పేది, నిలబెట్టుకునేది కూడా, ఆ దినాల్లో ఇంట్లో ఎవరమూ ఆమెకు ఎదురుపడేవాళ్లం కాదు). ఒకాయన చాయ్ అన్నాడు, ఒకామె సీరియల్ అన్నది. వరుస నాదాకా వచ్చేసరికి, విలేకరి అయినవాడు చిన్నది చెబితే ఏం బాగుంటుందనిపించి, నీసు తిననని ప్రకటించాను. ఆదివారం మటన్ లేకపోతే జ్వరమొచ్చినవాడిలా ముసుగేసే మనిషినని ఎరిగిన సంఘమంతా మెడలు తిప్పి చూసి నవ్వింది. మా పాస్టరు అయ్యగారు మాత్రం నవ్వలేదు. ఆ ఏడు నాకు బాప్తిస్మం ఇవ్వాలని అవ్వ అప్పటికే ఆయన వెంట పడుతున్నది. "సరే బిడ్డా, గీ మాట మీద నిలబడు. ఈస్టరు నాడు నిన్ను నీళ్లల్ల దించుత. తప్పితే మళ్ల ఏడే" అన్నారు. అవ్వకు చూపు రోజురోజుకూ మసకబారుతున్నది. మళ్లీ ఏడుదాకా ఆ కళ్లు ఆగుతాయో లేదో నాకూ తెలియదు, ఆమెకూ తెలియదు.

ఆ తర్వాతి ఆదివారం ప్రసంగంలో అయ్యగారు చెప్పిందేమంటే, ప్రతి మనిషిలోనూ ఇద్దరుంటారట, ఒకడు మంచివాడు, ఒకడు చెడ్డవాడు. ఇద్దరూ ఒకే బండి మీద పోతుంటారట. హ్యాండిల్ ఎవడి చేతిలో ఉందో చూసుకోవడమే భక్తి అట. నాకు చాలా బాగా నచ్చింది (ఇతరుల గురించి చెప్పారనుకున్నాను). మొదటి వారాలు సునాయాసంగా గడిచాయి. చికెన్ సెంటర్ ముందు నిలబడ్డవాళ్లను చూస్తే జాలి కూడా వేసేది.

అప్పుడు వచ్చింది కురుమ పెద్దమ్మ ఫోను. ఆమె మాకు చుట్టం కాదు, పక్క ఊళ్లో గొర్లు కాసే కురుమల ఇంటి మనిషి. మా అమ్మతో కలిసి పత్తి ఏరడానికి పోయేది. చిన్నప్పుడు అమ్మ దవాఖాన పాలైతే, తన పిల్లలతోపాటు నన్నూ సాకిన మనిషి. ఆమె కొడుక్కి కానిస్టేబుల్ కొలువు వచ్చింది. మందలోంచి మంచి పొట్టేలును కోస్తున్నామని, నేను రాకపోతే దావతే కాదని చెప్పింది. పోకపోతే ఆమె మనసు నొచ్చుకుంటుంది, పోతే నా మాట పోతుంది.

మా పత్రిక ఫొటోగ్రాఫర్‌ను బండి వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను. దారి పొడుగునా లోపల పంచాయితీ. ప్రేమతో పెట్టింది కాదనడం కంటే పెద్ద పాపం ఉంటుందా? దేవుడు చూసేది మనసునా, కడుపునా? ముక్క తీసేసి పులుసు పోసుకుంటే అది నీసు కిందికి వస్తుందా? ఇలా ఒకడు అడుగుతుంటే, రెండోవాడు మొదట్లో గట్టిగానే జవాబు చెప్పాడు. ఊరి మలుపు తిరగగానే పొయ్యి మీద ఉడుకుతున్న బోటి వాసన తగిలింది. అక్కడే రెండోవాడు హ్యాండిల్ వదిలేశాడు. బండి స్టాండు వేసేసరికి అంతా తేలిపోయింది: తినాలి; అయ్యగారికి చెప్పొద్దు; అవ్వకు అసలే చెప్పొద్దు; దేవుడికి ఎలాగూ తెలుస్తుంది కాబట్టి ఆయనకు ప్రత్యేకంగా చెప్పే పని లేదు.

బంతిలో మంచి చోటు చూసుకుని కూర్చున్నాను. విస్తరి మీద నీళ్లు కూడా చల్లుకున్నాను. ఇంతలో పెద్దమ్మ పరుగున వచ్చి నా రెక్క పట్టి లేపింది. "నువ్వు గాడ గూసోకు బిడ్డా. నువ్వు ఒక్కపొద్దున్నవని నాకు తెల్సు." దూరంగా వేపచెట్టు కింద కొత్త గొంగడి పరిచి ఉంది. పొద్దున్నే తానం చేసి, నీసు పొయ్యి ముట్టకముందే, కొత్త కుండల్లో నాకోసం వేరే వండిందట. పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. నీసు వండిన గంటె ఇటువైపు రాలేదని ఒట్టేసి చెప్పింది. మా అయ్యగారు కూడా ఇంత నిష్ఠ అడగలేదు. పైగా, మరిచిపోయి ఎవరన్నా ముక్క వడ్డిస్తారేమోనని కొడుకును నా పక్కన నిలబెట్టింది. కొత్త కానిస్టేబుల్‌కు అదే మొదటి డ్యూటీ. వాడు నా విస్తరి మీదినుంచి చూపు తిప్పలేదు.

అవతలినుంచి మా ఫొటోగ్రాఫర్, నోరు నిండా పెట్టుకుని, బోటి మస్తుగున్నదని కబురు పంపుతున్నాడు. నేను ఆఖరి ప్రయత్నంగా, "నువ్వు బాధపడుతవేమో పెద్దమ్మా, నీ కోసం ఒక ముక్క తిన్నా ఏం గాదు" అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"నా కోసం దేవునికిచ్చిన మాట తప్పుతవా? నీ దేవుడైతేంది, నా మల్లన్నయితేంది. గంత పాపం నాకెందుకు కొడుకా."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అందులో బోటి వాటా ఎంతో, ఆమె మాట వాటా ఎంతో అప్పుడు చెప్పలేకపోయాను. పక్కన ఒక ముసలాయన అది చూసి, భక్తి అంటే గట్లుండాలె అని అందరికీ చూపించాడు.

ఈస్టరు నాడు చెరువు నీళ్లలో నడుములోతున నిలబడ్డాను. శోధనను ఎలా జయించావో సాక్ష్యం చెప్పమన్నారు అయ్యగారు. నేను గొంతు సవరించుకునేలోపే ఒడ్డునుంచి అవ్వ అందుకుంది. "వాడేంది జయించేది అయ్యగారు? వీని సంగతి నాకెర్క లేదా. దావత్ ఉన్నదని తెల్వంగనే నేనే కురుమామెకు ఫోన్ చేసి చెప్పిన, వీన్ని జర చూసుకొమ్మని." చెరువు గట్టంతా నవ్వింది. ఇక బాప్తిస్మం మళ్లీ ఏటికేనని నేను తలదించుకున్నాను. అయ్యగారు కూడా నవ్వి, "ఒక్కడే ఎవ్వడు నిలబడ్డడు బిడ్డా" అని నా తల మీద చేయి వేసి నీళ్లలో ముంచారు. లేచేసరికి అవ్వ, తానూ నీళ్లలోకి దిగి ఇంత దగ్గరగా వచ్చి, తడిసిన నా ముఖాన్ని కళ్లు చిట్లించి చూస్తున్నది.

అవ్వ ఇప్పుడు లేదు. నీసు మీద నాకు పూర్తి విజయం దొరికింది గానీ ఆ ఘనత డాక్టరుది. లోపలివాడు మాత్రం ఊరికే లేడు, వేషం మార్చాడు. మొన్న ఒక కుర్ర విలేకరి నన్ను తప్పుపడుతూ ఏదో అన్నాడని, వాడి పరువు తీసే సందేశం ఒకటి మా విలేకరుల వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి టైపు చేసి కూర్చున్నాను. మంచి వాక్యాలు పడ్డాయి కూడా. మా ఆవిడ భుజం మీదుగా చదివి, ఫోన్ తీసుకుని, పొద్దుగాల ఇస్తానంది. తెల్లారి చాయ్‌తోపాటు ఇస్తూ, ఇంకా పంపాలనుందా అని అడిగింది. లేదన్నాను.

నిజానికి కొంచెం ఉంది. అందుకే ఫోన్ మళ్లీ ఆమె చేతికే ఇచ్చేశాను.